చక్కెరల తూకం: కణం ఒంటిమీది గ్లైకాన్లను యంత్రం ఎంతవరకు చదవగలదు?

"బాంబే బ్లడ్ గ్రూప్ దాత అర్జెంటుగా కావాలి" అన్న మెసేజ్ ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. దాని కింద ఎవరో ఒకరు "మాది ఓ గ్రూప్, పనికొస్తుందా?" అని అడుగుతారు. ఓ గ్రూప్ అందరికీ ఇవ్వచ్చని చిన్నప్పుడు చదువుకున్నాం కదా మరి! కానీ పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలియాలంటే ఎర్ర రక్తకణం మీద మొలిచి ఉండే చక్కెర గొలుసుల దగ్గరికి వెళ్లాలి.

ఆ గొలుసు చివర గెలాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దానికి ఫ్యూకోజ్ అనే ఇంకో చక్కెర తగులుకుంటే దాన్ని హెచ్ యాంటిజెన్ అంటారు. ఓ గ్రూప్ వాళ్లకు గొలుసు అక్కడితో ఆగిపోతుంది. ఏ గ్రూప్ వాళ్లలో దానిమీద ఎన్-అసిటైల్ గెలాక్టోసమీన్ చేరుతుంది, బీ గ్రూప్ వాళ్లలో ఇంకో గెలాక్టోజ్ చేరుతుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భేండే, ఆయన సహచరులు గుర్తించిన మనుషులకు అసలు ఆ ఫ్యూకోజే లేదు. ఓ గ్రూప్ రక్తంలోని హెచ్ కూడా వాళ్ల ఒంటికి పరాయిదే. తమాషా ఏమిటంటే మామూలు గ్రూపింగ్ పరీక్షలో వీళ్లు ఓ గ్రూప్ లాగానే కనిపిస్తారు. ఆ పరీక్ష ఏ ఉందా, బీ ఉందా అని మాత్రమే అడుగుతుంది, హెచ్ ఉందా అని అడగదు. వీళ్ల సీరంలో ఓ కణాలు కలిపినప్పుడు గడ్డకట్టుకుంటేనే బండారం బయటపడుతుంది.

ఏ గ్రూప్ చక్కెరకూ బీ గ్రూప్ చక్కెరకూ బరువులో తేడా 41 డాల్టన్లు. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు సుమారు ఒక డాల్టన్. అంటే నలభైయొక్క హైడ్రోజన్ల బరువు తేడాకు తప్పు రక్తం ఎక్కిన మనిషి ప్రాణం పోవచ్చు. ఇంత సన్నని తేడాలను తూచే పనిముట్టు మాస్ స్పెక్ట్రోమీటర్. బ్లడ్ బ్యాంకులో దాని అవసరం లేదు, అక్కడ యాంటీసీరా (ఏ, బీలను పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవం) చుక్కలు చాలు. కానీ కణం ఒంటిమీద ఏయే చక్కెరలున్నాయో ముందుగా ఏమీ తెలియకుండా కనుక్కోవాలంటే తూకమే మొదటి దారి. ఆ తూకంతో చిక్కూ ఉంది. సంచిని త్రాసులో వేస్తే కిలో అని తెలుస్తుందిగానీ, లోపల ఉన్నది కందిపప్పో పెసరపప్పో త్రాసు చెప్పదు.

గ్లైకాన్ అంటే

టీలో వేసుకునే పంచదారను పక్కన పెట్టండి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణాన్నీ చక్కెర గొలుసుల దట్టమైన పొర ఒకటి కప్పి ఉంచుతుంది. ఆ గొలుసులే గ్లైకాన్లు. కొన్ని ప్రోటీన్ల మీద మొలుస్తాయి, కొన్ని కొవ్వుల మీద. ప్రోటీన్‌లో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లపు నైట్రోజన్‌కు అతుక్కున్నవి ఎన్-గ్లైకాన్లు. సెరీన్, థ్రియోనిన్‌ల ఆక్సిజన్‌కు అతుక్కున్నవి ఓ-గ్లైకాన్లు. రక్తపు ఓ గ్రూపుకూ ఈ ఓ కూ సంబంధం లేదు, పేర్లు కలిశాయంతే.

వైరస్ కణాన్ని తాకేటప్పుడు ముందు తగిలేది ఈ పొరే. తెల్లరక్తకణం రక్తనాళపు గోడ పట్టుకుని ఆగేదీ వీటి సాయంతోనే. పాంక్రియాస్ క్యాన్సర్ రోగులకు డాక్టర్లు రాసే సీఏ 19-9 పరీక్ష కొలిచేది కూడా సియాలిల్ లూయిస్ ఏ అనే చక్కెర గొలుసునే. జనాభాలో 5 నుంచి 10 శాతం మందికి పుట్టుకతోనే ఆ గొలుసు తయారుచేసే ఎంజైమ్ పనిచేయదు. అలాంటివారిలో గడ్డ ఉన్నా ఆ అంకె పెరగదు.

ప్రోటీన్ ఎలా ఉండాలో డీఎన్ఏలో అక్షరం అక్షరం రాసి ఉంటుంది. గ్లైకాన్‌కు అలాంటి రాతప్రతి లేదు. ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చక్కెరలు తగిలిస్తాయి, కొన్ని తీసేస్తాయి, ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకే పిండితో, ఒకే పెనం మీద, ఒకే చేయి పోసిన దోసెలు కూడా అచ్చు ఒకేలా రావు కదా. అలాగే ఒకే కణం చేసిన ఒకే ప్రోటీన్ మీద, ఒకే చోట, పది రకాల గొలుసులు కనిపించవచ్చు. కాబట్టి జన్యువును చదివి గ్లైకాన్ ఏమిటో చెప్పలేం. గ్లైకాన్‌నే పట్టుకుని చూడాలి.

తూచే యంత్రం, ఒక పొరపాటు

మాస్ స్పెక్ట్రోమీటర్ దేన్ని తూచాలన్నా రెండు షరతులు పెడుతుంది: పదార్థం ఆవిరిలా గాలిలోకి లేవాలి, దానికి విద్యుదావేశం ఉండాలి. ఆవేశం ఎక్కిన ఆ రేణువును అయాన్ అంటారు. అందులో ఒక రకం యంత్రం అన్ని అయాన్లనూ ఒకే తోపు తోసి వదులుతుంది. ఖాళీ తోపుడుబండి ముందు చేరినట్టు తేలికవి ముందు, బరువువి వెనక చేరతాయి. పట్టిన సమయాన్నిబట్టి బరువు తేలుతుంది.

చిన్న అణువులకు ఇది ఎప్పటినుంచో నడుస్తోంది. ప్రోటీన్లు, పెద్ద చక్కెరలతోనే కష్టం, వేడిచేస్తే ఆవిరి కాకముందే ముక్కలైపోతాయి. జపాన్‌లో షిమాజు కంపెనీలో ఇంజనీరుగా ఉన్న కోయిచి టనాకా 1985లో ఒకరోజు పొరపాటున కోబాల్ట్ పొడిలో గ్లిసరిన్ కలిపేశాడు. పొడి ఖరీదైనది, పారేయడం ఎందుకులే అని ఆ మిశ్రమంతోనే లేజర్ ప్రయోగం చేశాడు. పెద్ద అణువులు విరగకుండా పైకి లేచాయి. 2002లో ఆయనకూ, ఎలక్ట్రోస్ప్రే పద్ధతి తెచ్చిన జాన్ ఫెన్‌కూ రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. అయితే ఈనాడు ల్యాబుల్లో వాడే మాల్డి అనే లేజర్ పద్ధతి టనాకాది కాదు, జర్మనీకి చెందిన కారాస్, హిల్లెన్‌కాంప్‌లది. వాళ్లకు అన్యాయం జరిగిందని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

కణం నుంచి యంత్రందాకా

కణాన్ని నేరుగా యంత్రంలో వేయడం కుదరదు. ముందు గొలుసులను ప్రోటీన్ నుంచి తెంపాలి. ఎన్-గ్లైకాన్లకు పీఎన్‌జేజ్-ఎఫ్ అనే మంచి కత్తెర ఉంది. ఆస్పరజిన్ దగ్గర దాదాపు ప్రతి ఎన్-గ్లైకాన్‌నూ శుభ్రంగా తెంపుతుంది, తెంపినచోట ప్రోటీన్ బరువు 0.98 డాల్టన్ పెరిగిన గుర్తు కూడా వదులుతుంది. ఓ-గ్లైకాన్లకు అలాంటి ఒకే కత్తెర లేదు, క్షారంతో రసాయనికంగా ఊడబెరకాలి. అందుకే ఎన్-గ్లైకాన్ల మీద పేపర్లు కుప్పలు, ఓ-గ్లైకాన్ల మీద తక్కువ. ఒంట్లో వాటి ప్రాముఖ్యం తక్కువని ఎవరూ అనుకోకూడదు.

"కణం ఉపరితలం" అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. కణాన్ని మొత్తం పగలగొట్టి గ్లైకాన్లు తీస్తే, లోపల ఇంకా తయారీలో ఉన్న సరుకు కూడా కలిసి వస్తుంది. తయారీ తొలిదశలో గొలుసులు మానోజ్ అనే చక్కెరతో నిండి ఉంటాయి, బయటికి వచ్చేవాటిలో చాలావరకు చివర సియాలిక్ ఆమ్లం అనే ఇంకో రకం చక్కెర, గెలాక్టోజ్, ఫ్యూకోజ్ ఉంటాయి. కాబట్టి మానోజ్ పీకులు (యంత్రం తెరమీద ఒక్కో బరువు దగ్గర లేచే గీతలు) విపరీతంగా కనిపిస్తే అది ఉపరితలం గురించిన వార్త కాకపోవచ్చు, వంటగది లోపలి సంగతి కావచ్చు. దీన్ని తప్పించడానికి కొందరు కణపొరను మాత్రమే విడదీస్తారు. ఇంకొందరు బతికున్న కణాల మీద పీరియోడేట్ అనే రసాయనం పోసి, బయట కనిపిస్తున్న సియాలిక్ ఆమ్లాన్ని మాత్రమే కొద్దిగా మార్చి, దానికి కొక్కెం తగిలించి పైకి లాగుతారు. మొదటి పద్ధతిలో లోపలి పొరల కల్తీ కొంత తప్పదు. రెండోదానికి సియాలిక్ ఆమ్లం లేని గొలుసులు అంతగా చిక్కవు.

ఇంకో మెట్టు కూడా ఉంది. సియాలిక్ ఆమ్లం లేజర్ దెబ్బకు ఇట్టే ఊడిపోతుంది. అందుకని గొలుసులోని హైడ్రాక్సిల్ గుంపులన్నిటికీ మిథైల్ టోపీలు పెడతారు. ఒక్కో టోపీకి 14 డాల్టన్లు పెరుగుతాయి. గొలుసు గట్టిపడుతుంది, పీకు కూడా పెద్దదవుతుంది.

ఒక పీకును విప్పి చూద్దాం

తెరమీద బరువులు వరుసగా పొడుగాటి గీతల్లా కనిపిస్తాయి. టోపీలు పెట్టని ఒక శాంపిల్‌లో ఈ అంకెలు కనిపించాయనుకుందాం: 1257.4, 1419.5, 1581.5, 1743.6, 1905.6. పక్కపక్క అంకెల మధ్య తేడా తీయండి. ప్రతిసారీ దాదాపు 162.05. అది హెక్సోజ్ (గ్లూకోజ్, గెలాక్టోజ్ లాంటి ఆరు కార్బన్ల చక్కెర) బరువు. విడి గ్లూకోజ్ 180.06 డాల్టన్లు, గొలుసులో కలిసేటప్పుడు ఒక నీటి అణువు పోతుంది కాబట్టి 162.05.

ఇప్పుడు మొదటి అంకెను కూడికతో కట్టి చూద్దాం. ఐదు హెక్సోజులు 810.26. రెండు ఎన్-అసిటైల్ హెక్సోసమీన్లు (ఏ గ్రూప్ చక్కెర ఈ రకానిదే), ఒక్కోటి 203.08 చొప్పున, 406.16. గొలుసు కొసన మిగిలే నీరు 18.01. ఆవేశం కోసం అతుక్కున్న సోడియం 22.99. మొత్తం 1257.42. సరిపోయింది! ఐదు మానోజుల నుంచి తొమ్మిది మానోజుల దాకా మెట్లు మెట్లుగా ఉన్న కుటుంబం ఇది.

కానీ "మానోజ్" అని ఎలా అన్నాను? యంత్రం అనలేదు. అది 162.05 అని ఊరుకుంది. గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్ మూడింటి బరువూ ఒకటే. మనిషి కణాల్లో ఎన్-గ్లైకాన్లు ఎలా కట్టుబడతాయో దశాబ్దాల జీవరసాయన పరిశోధన చెప్పింది కాబట్టి ఆ జ్ఞానాన్ని అంకె పక్కన పెట్టి మానోజ్ అన్నాను. ఈ రంగంలో చాలా పీకుల కింద రాసే బొమ్మలు ఇలా సగం తూకం, సగం ముందే తెలిసిన సంగతి. ఆ సగాన్ని విడిగా చెప్పకపోవడం వల్లే చదివేవాళ్లకు గందరగోళం.

రామ, మార

రెండు పదాల్లోనూ ఉన్నవి ర, మ, ఒక దీర్ఘమే, తూకం వేస్తే ఒకటే బరువు. అర్థం మాత్రం వేరు. మూడు వేర్వేరు అమైనో ఆమ్లాలను వరుసగా పేరిస్తే ఆరు రకాల గొలుసులే వస్తాయి. మూడు వేర్వేరు హెక్సోజులను కలిపితే, వాటినిబట్టి, 1,056 నుంచి 27,648 దాకా రకాలు సాధ్యమని లెక్క. ఒక చక్కెర మరోదానికి ఏ కార్బన్ దగ్గర అతుక్కుంది, ఆల్ఫాగానా బీటాగానా (అంటే అతుకు ఏ వైపు తిరిగి ఉంది), కొమ్మలు ఎక్కడ చీలాయి అన్నవన్నీ మారుతుంటాయి. అన్నిటి బరువూ ఒకటే.

ఫ్లూ వైరస్ సంగతి చూడండి. మనుషుల ఫ్లూ వైరస్‌లు సియాలిక్ ఆమ్లం కింది గెలాక్టోజ్‌కు ఆరో స్థానంలో అతుక్కుని ఉంటే ఇష్టపడతాయి. పక్షుల ఫ్లూ వైరస్‌లకు మూడో స్థానపు అతుకు ఇష్టం. బర్డ్ ఫ్లూ మనుషుల్లో సులువుగా పాకకపోవడానికి ఉన్న అడ్డుగోడల్లో ఇదొకటి. తూకంలో ఈ రెండింటికీ రవ్వంత తేడా కూడా లేదు.

ఇంకో ఉచ్చు మరీ సన్నది. సియాలిక్ ఆమ్లంలో ముఖ్యమైన రకాలు రెండు. మనుషుల్లో తయారయ్యేది 291.10 డాల్టన్లు. చింపాంజీ, ఆవు, మేక వంటి జంతువుల్లో దీనికి ఒక ఆక్సిజన్ ఎక్కువున్న రకం కూడా ఉంటుంది, దాని బరువు 307.09. దాన్ని చేసే జన్యువు మన పూర్వీకుల్లో లక్షల ఏళ్ల కిందటే చెడిపోయింది. వెల్లూరు సీఎంసీలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన అజిత్ వర్కి బృందం ఈ తేడా మీద ఏళ్లతరబడి పనిచేసింది. ఎర్రమాంసం తింటే ఈ పరాయి చక్కెర కొద్దిగా మన కణాల్లో చేరుతుందని వాళ్ల వాదన, దానివల్ల ఆరోగ్యానికి ఎంత నష్టమన్నది ఇంకా తేలని చర్చ. మన సంగతి అది కాదు, కూడిక. పరాయి సియాలిక్ ఆమ్లం 307.09, ఫ్యూకోజ్ 146.06, కలిపితే 453.15. మన సియాలిక్ ఆమ్లం 291.10, హెక్సోజ్ 162.05, కలిపితే అదే 453.15. పరమాణువుల లెక్క కూడా అచ్చంగా ఒకటే, కాబట్టి ఎంత ఖరీదైన యంత్రమూ తూకంతో వీటిని విడదీయలేదు. మనిషి శాంపిల్‌లో పరాయి చక్కెర దొరికిందని ఎవరైనా అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఏ జంటను చూశారు?

విరిచి చూడటం, కొరికించి చూడటం

తూకం చాలనప్పుడు చేసేదేమిటంటే, ఒక బరువున్న అయాన్లనే ఎంచుకుని వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేసి ఆ ముక్కలను మళ్లీ తూచడం. గొలుసు అతుకు దగ్గర తెగితే ఏ చక్కెర పక్కన ఏదుందో తెలుస్తుంది. చక్కెర వలయమే మధ్యలో చీలితే ఏ కార్బన్ దగ్గర అతుకుందో తెలుస్తుంది. ఈ ముక్కలకు డొమోన్, కోస్టెల్లో 1988లో పెట్టిన పేర్లే ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. ముక్కల్లో 204.09 కనిపిస్తే ఎన్-అసిటైల్ హెక్సోసమీన్ ఉందని, 274.09, 292.10 కనిపిస్తే సియాలిక్ ఆమ్లం ఉందని గుర్తు. పై ఉచ్చులోని పరాయి రకమైతే అవి 290.09, 308.10 దగ్గరికి జరుగుతాయి. అలా ఆ ముడి విడుతుంది.

రెండో దారి ఎంజైములతో కొరికించడం. దీనికి సెటుక్సిమాబ్ కథ చక్కగా సరిపోతుంది. అది పెద్దపేగు, తల-మెడ క్యాన్సర్లకు వాడే యాంటీబాడీ మందు. అమెరికాలో టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మొదటి డోసుకే, నిమిషాల్లో, తీవ్రమైన అలర్జీ వచ్చిన రోగులు ఎక్కువగా కనిపించారు. మిగతాచోట్ల అంతగా లేదు. 2008లో అచ్చయిన అధ్యయనంలో 76 మంది రోగుల్లో 25 మందికి అలర్జీ వచ్చింది, వాళ్లలో 17 మంది రక్తంలో మందు ఎక్కించకముందే దానిమీద ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీలు ఉన్నాయి. అవి పట్టుకుంటున్నది మందు మీద ఉన్న ఆల్ఫా-గాల్ అనే చక్కెర జంటను. మందును ఎలుక కణాల్లో తయారుచేశారు. ఎలుకలు ఆల్ఫా-గాల్ చేస్తాయి, మనుషులు చేయరు. ఆ ప్రాంతాల్లో ఒక రకం పిడుదుపురుగు కుట్టడం వల్ల జనం ఒంట్లో దానిమీద అలర్జీ ముందే తయారై ఉందని తర్వాత తేలింది.

ఇప్పుడు తూకం వైపు రండి. ఇలాంటి మందుల మీద ఎక్కువగా కనిపించే గ్లైకాన్లు మూడు. గెలాక్టోజ్ లేనిది 1485.5, ఒకటున్నది 1647.6, రెండున్నది 1809.6. ఆల్ఫా-గాల్ అంటే ఆ గెలాక్టోజ్ నెత్తిన ఇంకో గెలాక్టోజ్. కాబట్టి 1971.7 దగ్గర, 2133.7 దగ్గర కొత్త పీకులు రావాలి. వచ్చాయనుకుందాం. కానీ ఎక్కువైన ఆ 162 ఆల్ఫా గెలాక్టోజేనా, వేరే హెక్సోజా? శాంపిల్‌ను రెండు గొట్టాల్లోకి పంచి, ఒకదానిలో బీటా అతుకునే కొరికే గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్, రెండోదానిలో ఆల్ఫా అతుకునే కొరికేది వేస్తారు. మొదటి గొట్టంలో 2133.7 కదలకుండా ఉండి, రెండోదానిలో అది 162 చొప్పున రెండు మెట్లు దిగి 1809.6 దగ్గర తేలితే అనుమానం తీరినట్టే. అమ్మకంలో ఉన్న మందు మీది ఒక్క చక్కెర అతుకు ఆల్ఫానా బీటానా అన్న ప్రశ్న చాదస్తమని ఎవరైనా అంటే, ఆ రోగులను గుర్తుచేయాలి.

వీటితోపాటు గ్రాఫైట్ కార్బన్ కాలమ్‌లో గొలుసులను ముందుగా వేరుచేయడం, అయాన్లను వాయువులో ఈదించి ఆకారాన్నిబట్టి విడదీయడం కూడా ఉన్నాయి. ఏ ఒక్కటీ అన్ని ముళ్లనూ విప్పదు.

హైదరాబాద్‌కు ఇందులో పనేమిటి?

యాంటీబాడీ మందుకు నకలు తయారుచేసేవాళ్లకు ఇది రోజువారీ వ్యవహారం. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు బయోసిమిలర్‌గా (నకలు మందుగా) రెడిటక్స్‌ను విడుదల చేసింది. ప్రోటీన్ అక్షరాలు నకలు చేయవచ్చు, గ్లైకాన్లకు రాతప్రతి లేదని పైన చెప్పుకున్నాం. కణాలను పెంచే ద్రావకం మారినా, వేడి మారినా గొలుసులు మారతాయి. యాంటీబాడీ మీద 146 డాల్టన్ల ఫ్యూకోజ్ లేకపోతే అది తెల్లరక్తకణాలను పిలిచి రోగకణాన్ని చంపించే శక్తి బాగా పెరుగుతుంది. అందుకే నియంత్రణ సంస్థలు అసలు మందు, నకలు మందుల గ్లైకాన్ పటాలను పక్కపక్కన పెట్టి చూపించమంటాయి. "అచ్చు అదే" అని ఎవరూ అడగరు. అసలు మందే ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు కొంత అటూ ఇటూ అవుతుంది, ఆ పరిధిలో ఉంటే చాలు.

నిపుణులు తగువులాడేచోట

గొలుసులను తెంపి విడిగా చూడాలా, ప్రోటీన్ ముక్కతో సహా చూడాలా అన్నది పాత తగువు. తెంపితే గొలుసు నిర్మాణం బాగా తెలుస్తుందిగానీ అది ఏ ప్రోటీన్ మీద, ఏ చోట ఉందో పోతుంది. తెంపకపోతే చోటు తెలుస్తుంది, నిర్మాణం మసకబారుతుంది. ఈ రెండో పద్ధతి పూర్తిగా సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడింది. 2021లో అచ్చయిన ఒక ఉమ్మడి పరీక్షలో సీరం గ్లైకోపెప్టైడ్ల (గొలుసు అతుక్కునే ఉన్న ప్రోటీన్ ముక్కల) డేటా ఫైళ్లను 22 బృందాలకు ఇచ్చారు. అందరికీ అవే ఫైళ్లు. దొరికాయని వాళ్లు చెప్పిన గ్లైకోపెప్టైడ్ల జాబితాలు మాత్రం బాగా తేడాగా వచ్చాయి. ఏ సెట్టింగులు పెడితే ఫలితం మెరుగవుతుందో కూడా ఆ పరీక్షే చూపించింది, కాబట్టి దాన్ని రంగం పరువు తీసిన సంగతిగా చూడనక్కర్లేదు. అయితే పేపర్‌లో "వెయ్యి గ్లైకోపెప్టైడ్లు గుర్తించాం" అని చదివినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్, ఎంత సడలింపు అన్నది చూడకుండా ఆ వెయ్యిని నమ్మలేం.

కొత్త తగువు గ్లైకో-ఆర్ఎన్ఏది. 2022లో నోబెల్ అందుకున్న కెరొలిన్ బెర్టోజ్జి బృందంలో పుట్టిన ఆలోచన ఇది. చక్కెరలు ప్రోటీన్లకూ కొవ్వులకూ మాత్రమే అతుకుతాయని పుస్తకాలు చెబుతుండగా, చిన్న ఆర్ఎన్ఏల మీద కూడా ఎన్-గ్లైకాన్లు ఉన్నాయనీ, అవి కణం పైపొర మీద కనిపిస్తున్నాయనీ 2021లో ప్రకటించారు. ఆర్ఎన్ఏను శుద్ధి చేసేటప్పుడు చక్కెరలున్న ప్రోటీన్లు కొన్ని దాంతోపాటే వచ్చేస్తాయి, మీరు చూసింది వాటి చక్కెరలేనేమో అని మరికొన్ని ల్యాబులు అడిగాయి. అనుమానం న్యాయమైనదే, తెంపి తూచిన గ్లైకాన్ తాను ఎవరి కొమ్మనుంచి వచ్చిందో చెప్పదు కదా. 2024లో మొదటి పక్షం మాస్ స్పెక్ట్రోమెట్రీ సాయంతోనే అతుకు ఉన్న చోటును చూపించింది. యురిడిన్ నుంచి వచ్చిన ఏసీపీ3యూ అనే మారిన అక్షరం దగ్గర గ్లైకాన్ అతుక్కుంటోందని వాళ్ల మాట. అవతలి పక్షం కల్తీ ప్రోటీన్ల ప్రశ్నను ఇంకా వదల్లేదు. ప్రోటీన్లను నమిలే ఎంజైములు, ఆర్ఎన్ఏను నమిలే ఎంజైములు వంతులవారీగా వేసి, ఏ గొట్టంలో పీకు మాయమవుతుందో రెండు పక్షాలూ చూస్తున్నాయి.